ఇరవై రెండు మూరల తీగ

వెంకటగిరిలో సుగుణ ఇంట్లో పాత గుంట మగ్గం దోనె విరిగింది. నేసిన బట్ట చుట్టుకునే ఆ మొద్దు ఎన్ని తరాలు నలిగిందో ఎవరికీ తెలీదు, ఒక సోమవారం పొద్దున ఫెళ్ళుమంది. పోతే పోయింది, కొత్తది చేయించుకుందాం అనుకుంటూ సుగుణ ముక్కలు ఏరబోయింది. చూస్తే మొద్దు పొట్ట బోలుగా ఉంది. ఆ బోలులో చుట్టి దాచిన గుడ్డ పీలిక ఒకటుంది.

విప్పితే జానెడు వెడల్పు చీర అంచు. ఇంకొకరైతే దులిపి మసిగుడ్డ చేసుకునేవాళ్ళే. సుగుణ అలా చెయ్యలేదు. నలభై రెండేళ్ళ బతుకులో ముప్పై ఏళ్ళు మగ్గం గుంటలోనే కాళ్ళు పెట్టుకున్న మనిషి ఆమె. ఏ అంచులోనైనా ఒక బొమ్మ పడిందంటే అది మళ్ళీ మళ్ళీ రావాలి. ఇందులో మూడు కొండలు, మూడో కొండ కింద వంకర్లు తిరిగిన ఏరు, ఏటి ఒడ్డున నెమలి, నెమలి ముక్కు కింద ఒక నల్ల గడి. ఏదీ రెండోసారి రాలేదు. కట్టుకోవడానికి కాదు, దారి చూపడానికి నేశారు దీన్ని అని ఆమెకు అర్థమైంది. ఒకప్పుడు దండు వచ్చి పడితే ఊరి సాలెలు తమ సొత్తంతా వెలిగొండల్లో దాచారనీ, దాచినవాళ్ళు తిరిగి రాలేదనీ అవ్వ చెప్పేది. అన్నం తినిపించడానికి చెప్పే కథ అనుకునేది సుగుణ ఇన్నాళ్ళూ.

అంచును తీసుకెళ్ళి చెంగయ్యకు చూపించింది. చెంగయ్య ఊరంతా మామ అని పిలిచే యానాది పెద్దాయన, ముప్పై ఏళ్ళు అడవికి కావలి కాసినవాడు. గుడ్డ వంక ఒక్కసారి చూసి, "ఇది నెమలిబండ గదమ్మా. బండ కింద గుహ ఉండాది. నేను లోపలికి పోలా" అన్నాడు. అటవీశాఖ వాళ్ళ దగ్గర రెండు రోజులకు అనుమతి కాగితం కూడా ఆయనే తెచ్చాడు. మూడోవాడు మునిరత్నం, సుగుణ పిన్ని కొడుకు. లారీ ఆఫీసులో గుమాస్తా. నిధి అన్న మాట చెవిన పడ్డాక అతను కుర్చీలో కూర్చుంటే ఒట్టు.

బయల్దేరేటప్పుడు సుగుణ సంచిలో అన్నిటికంటే కింద ఒక రేడియో పెట్టె సర్దుకుంది. దాని సంగతి కాస్త చెప్పాలి. రెండేళ్ళ కింద వరదలో ఊరికి నాలుగు రోజులు ఫోన్లు లేవు. అప్పుడు ఓడరేవులో వైర్‌లెస్ పని చేసి రిటైరైన సత్తార్ సాయిబు ఒక్కడే మేడ మీద తీగ కట్టి, చిన్న పెట్టె ముందు కూర్చుని ఊరి కబురు బయటికి పంపాడు. ఆ పని చూసి సుగుణ ఆయన దగ్గర శిష్యరికం చేసింది. పరీక్ష రాసి లైసెన్సు, గాలిలో తనను గుర్తుపట్టే పేరు, కాల్ సైన్, తెచ్చుకుంది. సాయిబు ముచ్చటపడి తన పెట్టెనే ఇచ్చేశాడు. పుస్తకమంత ఉంటుంది, చంకలో పెట్టుకుని కొండెక్కొచ్చు. చిక్కల్లా ఒక్కటే. మైకు చేతికొస్తే సుగుణ గొంతు తడారిపోయేది. సాయిబు పక్కన లేకుండా ఇంతవరకు గాలిలోకి ఒక్క మాట పంపలేదు.

"తొందరపడబాక బిడ్డా" అని సాయిబు లక్షసార్లు చెప్పాడు. "ముందు తీగ, తర్వాత బ్యాటరీ, అందరికన్నా ఆఖరున నీ నోరు. తీగ తగిలించకుండా మైకు నొక్కినావంటే పంపాల్సిన బలమంతా పెట్టెలోకే తిరగబడి దాన్ని కాల్చేస్తది. మనం మాట్లాడే ఫ్రీక్వెన్సీకి మధ్యలోంచి రెండు పక్కలకీ పదేసి మీటర్ల తీగ కావాల."

"అంటే పక్కకి ఇరవై రెండు మూరలు" అంది సుగుణ వెంటనే. సాయిబు పడీపడీ నవ్వాడు.

మూడు కొండలు దాటి, ఏటి వెంట నడిచి, రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి నెమలిబండ చేరారు. బండ నిజంగానే మెడ వంచిన నెమలిలా ఉంది. ముక్కు కింద అల్లుకున్న అడవి తీగలు నరికితే గుహ నోరు బయటపడింది. గబ్బిలాల కంపు గుప్పున కొట్టింది. మునిరత్నం ముందు, చెంగయ్య వెనక, సుగుణ ఆఖరున పాకుతూ లోపలికి వెళ్ళారు. ఇరవై అడుగులు పోగానే నేల తెగిపోయి గొయ్యి వచ్చింది. లోతు తెలీదు.

"ఆగండి, దీపం దించి చూస్తా" అన్నాడు మునిరత్నం. సుగుణ టార్చి సరిచేసుకునే లోపల అతను ఆమె సంచిలో చెయ్యి పెట్టి, చక్కగా చుట్టిన తీగ లాగి, లాంతరు కట్టి గోతిలోకి వదిలాడు. రాతి అంచుకి రాసుకుని తీగ పుటుక్కున తెగింది. లాంతరు, తీగ రెండూ అడుక్కి పోయాయి. చాలాసేపటికి గానీ చప్పుడు వినబడలేదు.

"అది తాడనుకున్నావా రత్నం?" అంది సుగుణ. "నా ఏంటెన్నా అది. ఇప్పుడు ఈ పెట్టె ఉన్నా లేనట్టే."

"నేనేం కలగన్నానా అక్కా. పట్నం పోయినాక కొనిస్తాలే" అన్నాడతను, గొయ్యి పక్కగా అరచెయ్యి వెడల్పు దారి వెతుక్కుంటూ. మనిషి మంచివాడే, తొందర ఒక్కటే అతని శత్రువు.

గోడను కరుచుకుని గొయ్యి దాటారు. అవతల గూడులాంటి చోట నడుమెత్తు మట్టిబాన కనబడింది. మునిరత్నం బండరాయితో మూత పగలగొట్టి చెయ్యి పెట్టాడు. బయటికి వచ్చింది నల్లటి తీగచుట్ట. బొగ్గులా నల్లగా, ముతకగా, బరువుగా ఉంది. ఇంకోటి తీశాడు, అదీ అంతే.

"ఇందుకా ఇంత దూరం వచ్చింది! ఇనప తీగ!" అని ఆ చుట్టను కసిగా గొయ్యి మీదుగా గుహ నోటి వైపు విసిరేశాడు. అది దొర్లుకుంటూ పోయి వెలుతురులో పడింది. బంగారం అడుగున ఉంటుందేమోనని అతను మళ్ళీ వంగి, బాన వెనక సందులోకి చెయ్యి చాపాడు.

"తియ్యి చెయ్యి!" అని అరిచాడు చెంగయ్య. అరిచి ఊరుకోలేదు, మునిరత్నం చేతిని పక్కకి తోసేశాడు. కుక్కరు కూసినట్టు బుస వినబడింది. వెనక్కి తీసుకున్న చెంగయ్య చేతి మీద రెండు చుక్కల రక్తం. రక్తపింజర నింపాదిగా బాన వెనక్కి జారిపోయింది.

ఎలా మోసుకొచ్చారో, ఆ సన్నని దారిలో ఆయన్ని ఎలా దాటించారో మళ్ళీ చెప్పమంటే వాళ్ళిద్దరూ చెప్పలేరు. బయట నీడలో పడుకోబెట్టారు. మునిరత్నం తువ్వాలు చించి చేతికి బిగించబోయాడు.

"బిగించబాకబ్బాయా, కొయ్యబాక" అన్నాడు చెంగయ్య, ఏమీ జరగనట్టు. "ఉంగరం తీసెయ్. చేతిని కర్రకి పెట్టి కదలకుండా కట్టు, వదులుగా. దీనికి సూది మందు ఒక్కటే. మూడు నాలుగు గంటల్లో పడితే బతుకుతా."

రోడ్డుకు నడిస్తే ఆరు గంటలు. మోసుకుంటూ అయితే చీకటి పడుతుంది. సెల్‌ఫోనులో ఒక్క గీత కూడా లేదు. మునిరత్నం తల పట్టుకుని కూలబడ్డాడు. "నాకు పడాల్సింది అక్కా అది, నాకు పడాల్సింది" అని ఏడ్చాడు.

సుగుణ ఏడవలేదు. ఆమె కళ్ళు గుహ ముందు పడి ఉన్న నల్ల తీగచుట్ట మీద ఆగాయి. ఇనుమో, ఇంకేదో, తీగంటూ ఒకటుంది. టైము చూసింది, పదిన్నర. పదకొండింటికి ఎక్కడెక్కడి రేడియో వాళ్ళూ ఒకే ఫ్రీక్వెన్సీలో కలుస్తారు. సాయిబు రోజూ వస్తాడు.

"రత్నం, లే. ఆ చుట్ట తీసుకురా."

చుట్టను విప్పి, మోచేతి నుంచి వేలికొస దాకా పెట్టి మూరలు కొలిచింది. బట్ట కొలిచి కొలిచి ఆమె మూర పద్దెనిమిది అంగుళాలకు నూలుపోగంత తేడా రాదు. ఇరవై రెండు. పటకారుతో కోసింది. మళ్ళీ ఇరవై రెండు, మళ్ళీ కోత. ఇలాంటి అవసరం పడుతుందని సాయిబు ఇచ్చిన కేబులు, దాని కొసన రెండు మరలున్న ముక్క సంచిలోనే ఉన్నాయి. ఒక్కో మరకు ఒక్కో తీగ బిగించింది. మునిరత్నం రాయికి నైలాను తాడు కట్టి మద్దిచెట్టు కొమ్మ మీదుగా విసిరాడు. మధ్యముక్కను రెండాళ్ళ ఎత్తుకు లాగి, రెండు తీగల కొసల్నీ తాడుతో చెరో చెట్టుకూ కట్టారు. తీగ ఆకులకు తగలకుండా, మనుషుల తలకు అందకుండా చూసుకుంది. ఆకాశం చూసింది, మబ్బు లేదు, ఉరుము లేదు. చెంగయ్యను తీగ కింద నుంచి దూరంగా జరిపింది.

"ఇదంతా ఎందుకక్కా, నొక్కి మాట్లాడు!" అన్నాడు మునిరత్నం.

"నొక్కి పెట్టెను కాల్చుకుంటే మామను ఎవరు కాపాడతారు? నువ్వా?" అంది సుగుణ.

కేబులు పెట్టెకి బిగించింది. ఆ తర్వాతే బ్యాటరీ తీసింది. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు, వేలు పెట్టి రెండుసార్లు సరిచూసుకుంది. స్విచ్ వేస్తే పెట్టె కళ్ళు తెరిచింది. బలాన్ని అన్నిటికంటే తక్కువకు, ఐదు వాట్లకు తిప్పింది. చుట్టూ చూసి "ఎవరూ తీగ ముట్టుకోబాకండి" అంది. ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరూ మాట్లాడటం లేదని విని తెలుసుకుని, తన కాల్ సైన్ చెప్పి, ఒక్క క్షణం నొక్కి పెట్టె మీది ముల్లు చూసింది. ముల్లు ఎగిరి ఎర్రగీతలోకి పోయింది.

"ఏమైంది?"

"పంపింది వెనక్కొస్తా ఉంది. యాడో అతుకు సరిగా లేదు."

"వస్తే రానీ! గట్టిగా పెంచి నొక్కు! మామ చెయ్యి చూడు ఎట్టా వాచిందో!"

చెంగయ్య చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. సుగుణ చూసింది. బలం పెంచే బొత్తాం మీద వేలు పెట్టింది కూడా. సాయిబు మాట గుర్తొచ్చి వేలు తీసేసింది. బ్యాటరీ ఊడదీసి, తాడు వదిలి మధ్యముక్కను కిందికి దించింది. మరల కింద నల్లతీగ అలాగే ఉంది. చిలుము పట్టిన లోహం ఏదైనా కరెంటుకు సరిగా దారి ఇవ్వదు. తీగ కొసను గీకి మెరిపించి కలపాలని మొట్టమొదటి రోజు నేర్పిన పాఠం, గాభరాలో మర్చిపోయింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. పోగులు కోసే చాకు తీసి బర్రున గీకింది.

నలుపు పొడిగా రాలింది. దాని కింద తెల్లగా, చలువగా, చంద్రవంకలాంటి మెరుపు.

ముగ్గురూ చూశారు. సుగుణ చెయ్యి ఆగిపోయింది. జరీగా సన్నగా సాగదీయక ముందు ఉండే ముతక తీగ. ఇనుము కాదు, అచ్చమైన వెండి. ఊరి సాలెలందరూ కలిసి దాచుకున్న సొత్తు ఇదే. గుహలోని ఆ బాన నిండా ఇదే.

"అక్కా, వెండి" అన్నాడు మునిరత్నం, ఊపిరాడక.

"వెండయితే ఏంది, ఆ రెండో కొస గీకు ముందు" అంది సుగుణ.

గీకి బిగించారు. మధ్యముక్క పైకి లేచింది. బ్యాటరీ, ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. మళ్ళీ వినింది, మళ్ళీ క్షణం నొక్కింది. ముల్లు బుద్ధిగా అడుగున పడుకుంది.

పదకొండు దాటి మూడు నిమిషాలు. పెట్టెలో ఎవరో ఇద్దరు మామిడి అంట్ల గురించి తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. మాట మీద మాట వేస్తే ఎవరికీ ఏదీ వినబడదు. మైకు పట్టుకుంటే సుగుణ నాలుక అంగిట్లో అతుక్కుంది, అచ్చం ఎప్పటిలాగే. చెంగయ్య కళ్ళు తెరిచి ఆమె వైపే చూస్తున్నాడు. ఆ ఇద్దరి మధ్య ఖాళీ వచ్చింది. సుగుణ నొక్కింది.

"ఎమర్జెన్సీ, ఎమర్జెన్సీ" అని తన కాల్ సైన్ చెప్పింది. "వెలిగొండల్లో నెమలిబండ దగ్గర ఉన్నాం. మనిషిని రక్తపింజర కరిచింది. వింటా ఉన్నాను."

వదిలి వినింది. ఒక్క క్షణం గరగర. ఆ ఒక్క క్షణం ఎంతసేపుందో చెప్పలేం.

"వినబడుతోందమ్మా, చక్కగా వినబడుతోంది" అంది కన్నడపు యాస ఉన్న గొంతు. "హోసూరు నుంచి మాట్లాడుతున్నా. అందరూ ఆగండి, లైను ఆమెకి వదలండి." ఆ వెనకే ఇంకో గొంతు, దగ్గుతో కలిసి, ఎక్కడున్నా గుర్తుపట్టే గొంతు. "బిడ్డా, సత్తార్‌ని. ఎంత బలం పెట్టినావు?"

"ఐదు వాట్లు సార్."

"చాలు, పెంచబాక. తీగకి అందర్నీ దూరంగా ఉంచు. ఇప్పుడు నిదానంగా చెప్పు, టెలిఫోను పట్టుకోనుండా."

మునిరత్నం అప్పుడు పెట్టె వంక చూసి చేతులు జోడించాడు. అటవీశాఖ జీపు, అందులో డాక్టరు, మందు, అన్నీ సాయిబు టెలిఫోనులో కుదిర్చాడు. అడవిబాట వెంట ఏటి కింది దాటు దాకా బండి వస్తుంది, అక్కడికి మోస్తే గంట. చెంగయ్య పడుకున్న చోటి నుంచే ఆ దారి చెప్పాడు, సుగుణ అది మైకులో అప్పజెప్పింది. తీగ విప్పి చుట్ట చుట్టి, రెండు కర్రల మధ్య దుప్పటి కట్టి ఇద్దరూ ఆయన్ని మోశారు. ఆ గంటలో మునిరత్నం ఒక్కసారి కూడా తొందరపడలేదు, రాయి చూసి రాయి మీద అడుగేశాడు. ఒంటిగంట కాకముందే సూది మందు చెంగయ్య నరంలోకి దిగింది. పది రోజులకు ఆయన తన కాళ్ళ మీద తాను ఇంటికి నడిచొచ్చాడు.

బానలోని వెండి మొత్తం, కోసిన ఆ రెండు తీగలతో సహా, అటవీశాఖ వాళ్ళతో తీయించి కలెక్టరు ముందు పెట్టారు. అది ప్రభుత్వ సొమ్ము అని ముగ్గురికీ తెలుసు. ఇప్పుడు మ్యూజియంలో, అద్దాల పెట్టెలో, మిగతా చుట్టల పక్కన ఆ రెండు ముక్కలూ విడిగా ఉన్నాయి, కొసల దగ్గర మాత్రం తెల్లగా. చూడ్డానికి వచ్చిన సాయిబు అద్దానికి ముఖం ఆనించి చూసి, "వెండితో ఏంటెన్నా కట్టినోళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మర్నాటి నుంచి రోజూ పదకొండింటికి రేడియోలో ముందుగా పిలిచే పేరు సుగుణది. ఆమె గొంతు ఇప్పుడు తడారడం లేదు.

కొత్త దోనె మీద ఆమె మొదట నేసింది ఒక అంచు. మూడు కొండలు, ఏరు, నెమలి. నెమలి పైన రెండు చెట్ల మధ్య ఒక తీగ, అటు ఇరవై రెండు పోగులు, ఇటు ఇరవై రెండు, అన్నీ వెండి జరీ. చెంగయ్య దాన్ని ఒళ్ళో పరుచుకుని వేలితో పోగులు లెక్కపెట్టాడు.

"ఇందులో నేను యాడుండానమ్మా?"

"ఇదిగో మామా, చెట్టు నీడలో."

ఆయన కళ్ళు చికిలించి ఆ చిన్న బొమ్మను చూశాడు. "పడుకోనుండాడే. పోయినోడనుకుంటారు జనం" అన్నాడు. "లేపి కూర్చోబెట్టు."

సుగుణ ఆ రోజే మగ్గం గుంటలోకి దిగి, అంచు మళ్ళీ నేసి, ఆయన్ని లేపి కూర్చోబెట్టింది.