కిలోంపావు ఇనుము

"ఊ తౌంగ్‌ని రేపు కాల్చేత్తారు," అన్నాడు ధర్మరాజు, కందిపప్పు తూకం వేస్తూ.

పజుండౌంగ్‌లో అతని పప్పుల కొట్టు వెనక ఒక గది ఉంది. ఢిల్లీకి రంగూన్‌లో అదే చెవి. ఆ సాయంత్రం అక్కడ కూర్చున్న ఏజెంట్లు ఇద్దరు. ఎడ్విన్ రాజుకి యాభై దగ్గర పడ్డాయి. నాథన్‌కి ఇంకా ముప్పై నిండలేదు. ఆ సంగతి నాథన్‌కన్నా ఎడ్విన్‌కే ఎక్కువ గుర్తుంటుంది.

"విదేశీ ముఠా," చెప్పుకుపోయాడు ధర్మరాజు. "ఆయుధాలు ఏ దారిన దిగుతున్నాయో ఆ ముసలాయన ఊ తౌంగ్‌కి తెలుసు. ఎల్లుండి బయటపెడతానన్నాడు. రేపు క్లబ్బులో రివాల్వర్ పోటీ, ఆయనే ముఖ్య అతిథి. హంతకుడు షూటర్‌లాగే వత్తాడు. కోడ్ నేమ్ 'గురువారం'. మొకం తెలీదు."

"వెరోనికాకి?" అన్నాడు నాథన్.

ఆ పేరు అతను పలికిన తీరు ఎడ్విన్‌కి నచ్చలేదు.

వెరోనికా ఆ క్లబ్బు ఆయుధాగారానికి ఇన్‌ఛార్జ్. ముఠా దగ్గర జీతం తీసుకుంటుంది, ధర్మరాజుకి కబుర్లు చేరవేస్తుంది. పట్టు లౌంజీ, అదే బర్మా లుంగీ, కట్టుకుని నడిచి వస్తే, ఆమె ఎవరి మనిషన్న ప్రశ్న మగవాళ్లకి కాసేపు గుర్తుండదు.

"ఆడు తేలికపాటి తుపాకీ అడుగుతాడంట. ఆమెకి అదే గుర్తు. అప్పుడు 'మొహింగా చల్లారిపోయింది' అంటాది. చేపల పులుసు నూడుల్స్ గురించి ఎవురికి అనుమానం? ఆ మాట అన్నాక తుపాకీ ఎవుడి సేతికి అందిత్తాదో, ఆడే గురువారం." తుపాకుల బరువు చూపించడానికి ధర్మరాజు రెండు పప్పు పొట్లాలు చెరో చేతిలో పట్టుకున్నాడు. "మరి క్లబ్బులో మీకేటి కావాలి? రెండూ ఫార్టీఫోర్ మాగ్నం రివాల్వర్లే. ఇది ముప్పావు కిలో. మోత్తే హాయి, పేలిత్తే గాడిద తన్నినట్టుంటాది. ఇది కిలోంపావు ఉక్కు. మోత్తే సెయ్యి లాగుతాది, పేలిత్తే ఆ తన్ను అదే మింగేత్తాది."

"తేలికదే బాబాయ్. మోసేది నేను కదా."

"గురి కావలసినవాడు బరువుది తీసుకుంటాడు," అన్నాడు ఎడ్విన్. "తేలికది నడుముకి కట్టుకు తిరగడానికి, పోటీకి కాదు."

"అన్న చెప్పాడు, అంతే," అని నాథన్ నవ్వేశాడు.

అతను అంత తేలిగ్గా ఒప్పుకోవడమూ ఎడ్విన్‌కి నచ్చలేదు.

*

క్లబ్బు లైంగ్‌థార్యార్ కుట్టు ఫ్యాక్టరీలు దాటాక వస్తుంది. ఎడ్విన్ వేషం లత బజారులో మినుములు ఎగుమతి చేసే షావుకారు. కోటు గుండీలో ధర్మరాజుకి వినిపించే మైక్రోఫోన్. ఆ కవర్ కథ ప్రకారం నాథన్ అతని అల్లుడు. ఆ కథ రాసిన అధికారి మీద ఎడ్విన్‌కి ఇంకా కోపం తగ్గలేదు. పోటీలో మూడోవాడు గడియారాలు అమ్మే విదేశీయుడు, క్లైన్.

వెరోనికా తుపాకులు అందించింది. ముందు ఎడ్విన్‌కి. కుడిచేత్తో ఇస్తూ, ఎడమచేత్తో తన కుడి మోచేతిని తాకింది. రంగూన్‌లో పెద్దలకి ఏదైనా అలాగే ఇస్తారు. చర్చిలో పాస్టరు గారికి కానుకల పళ్లెం అలాగే అందుతుంది.

"బరువుదే కదా, ఊ ఎడ్విన్?"

'కో' అనలేదు. కో అంటే అన్న. ఊ అంటే పెద్దాయన.

నాథన్‌కి ఒక్క చేత్తో ఇచ్చింది, అక్క తమ్ముడికి మామిడికాయ ఇచ్చినట్టు. "పట్టుకో రా బాబూ, కాలి మీద పడేసుకోకు!"

"మణికట్టు నొప్పి," అన్నాడు క్లైన్. "నాకు తేలికది ఇవ్వండి."

నొప్పి ఉన్న మణికట్టు బరువైన తుపాకీనే కోరుకుంటుంది. ఇంకో రోజైతే ఎడ్విన్‌కి ఆ ఒక్క మాట చాలు. ఇప్పుడతను మోచేతిని తాకకుండా ఖాళీగా ఉన్న వెరోనికా ఎడమచేతినే చూస్తున్నాడు.

ఆమె నాథన్ వైపు తిరిగి, "మొహింగా చల్లారిపోయింది," అని, తేలిక తుపాకీ క్లైన్ చేతిలో పెట్టింది.

ఇద్దరూ కలిసి తిన్నారా? ఎక్కడ? ఎడ్విన్‌కి ముందు వచ్చిన ఆలోచన అది. తర్వాత ఇంకా తియ్యనిది వచ్చింది. అది కోడ్. ఆమె చూసింది నాథన్‌ని. గురువారం నాథనే! నాథన్‌కి తుపాకీ ఆ మాటకి ముందే అందిందని బుద్ధి గుర్తుచేసింది. అసూయకి ముందూ వెనకా ఉండవు. ఇన్నాళ్లూ ఊరికే కూర్చున్న అతని కోపానికి ఉద్యోగం దొరికింది.

పోటీ మొదలైంది. క్లైన్ పేల్చినప్పుడల్లా చెయ్యి ఆకాశానికి లేస్తోంది. ఎడ్విన్ తుపాకీ చేతిలో బుద్ధిగా ఊగి నిలబడుతోంది. ఒక తూటా మిగుల్చుకున్నాడు, నాథన్ కోసం.

గ్యాలరీలో ఊ తౌంగ్ టీ కప్పు మీదకి వంగాడు. నాథన్ ఉన్నట్టుండి తుపాకీ బల్ల మీద పడేసి ఆయన వైపు పరుగెత్తాడు.

దొరికాడు! ఎడ్విన్ తుపాకీ ఎత్తాడు. కిలోంపావు ఇనుము. లేచింది, కానీ బద్ధకంగా లేచింది. ఆ లేచేలోగా నాథన్ చేతులు కనిపించాయి. రెండూ ఖాళీ. నాథన్ ముసలాయన్ని కింద పడదోసి, తన ఒళ్లు ఆయన మీద కప్పాడు.

పక్కన ఎవరో పరాయి భాషలో తిట్టుకుంటున్నారు. ఎడ్విన్ తిరిగి చూశాడు. క్లైన్ గ్యాలరీకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కుతున్నాడు. ట్రిగ్గర్ కదలడం లేదు. ఎడ్విన్ తన తుపాకీ పిడితో అతని మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. ఆ మణికట్టుకి అప్పుడు నిజంగా నొప్పి పుట్టింది.

*

"క్లైన్‌గాడి తూటాల మొనలు నేనే వదులుగా బిగించాను," అంది వెరోనికా, బిగుసుకుపోయిన తూటాల సిలిండర్ చూపిస్తూ. "తేలిక తుపాకీ తన్నుకి, పేలకుండా మిగిలిన తూటాల మొనలు ముందుకి జారతాయి. జారి సిలిండర్ తిరక్కుండా అడ్డం పడతాయి, ఇంక ట్రిగ్గర్ కదలదు. ఎప్పుడు పడతాయో మాత్రం తెలీదు. అందుకే కోడ్ చెప్పాను. మీరు ఇనలేదేటి?"

"విన్నాను."

"మరి మీ తుపాకీ నాథన్ మీదకి లేచిందేటి?"

ఎడ్విన్ గుండీలోని మైక్రోఫోన్‌ని వేళ్లతో మూశాడు. చేతిలోది ముప్పావు కిలోదైతే ఈపాటికి ఏమయ్యేదో అతని భుజానికి తెలుసు.

"నాకు కాపుగా ఎత్తాడు," అన్నాడు నాథన్, చొక్కాకి దుమ్ము దులుపుకుంటూ. "క్లైన్ గురి గ్యాలరీ వైపు తిరగడం చూశాను, నా తూటాలేమో అయిపోయాయి. అన్న ఉన్నాడనే కదా నేను పరుగెత్తింది."

ఆ మాట ఎడ్విన్‌లోకి తూటాకన్నా లోతుగా దిగింది.

మర్నాడు పొద్దున్న పజుండౌంగ్ టీ కొట్టులో వెరోనికా అతనికి కప్పు అందించింది. ఒక్క చేత్తో. మోచేతిని తాకలేదు. ఎడ్విన్ ఆ కప్పుని రెండు చేతులతో అందుకుని, అప్పుడు ఆమె ఎడమచెయ్యి కోసం చూశాడు.

అది చెవి దగ్గర ఉంది, ఫోను పట్టుకుని.

"నాథన్, ఎక్కడ సచ్చావు? మొహింగా చల్లారిపోతోంది."

ఈసారి అది కోడ్ కాదు.