సునంద వాకిట్లో తీసిన ఫొటో

పొద్దున ఏడున్నర. శ్రీలత జొన్నరొట్టె కాలుస్తోంది. కంపెనీ బస్సుకు టైమవుతోందని ఆమె భర్త నర్సింహులు ఒక చేత్తో బూటు తొడుక్కుంటూ ఇంకో చేత్తో టీ తాగుతున్నాడు. అప్పుడే సునంద వచ్చింది.

ఆమె నర్సింహులుకు అక్క. భర్త పోయాక ఆరేళ్లుగా కర్దనూర్‌లోనే, ఊరి చివర, తండ్రి మొగులయ్య పసుపు కుంకుమ కింద ఇచ్చిన వంద గజాల జాగాలో రేకుల షెడ్డు వేసుకుని ఉంటోంది. ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. నవ్వకుండా గడప దాటని మనిషి. ఇవాళ నవ్వలేదు.

“తమ్మీ, సర్కారు ఇండ్ల లిస్టుల నా పేరు లేదంటరా,” అంది. “సెక్రటరీ సారును నిన్న అడిగితే, నీ జాగల ఇల్లు ఇంకొకలకు మంజూరైందమ్మా అంటుండు. నా జాగల నేను గాక ఎవరున్నర్రా? ఎవరు సారూ అంటే, మీ తమ్ముణ్ని తోల్కరా చెప్త అన్నడు. డ్యూటీకి గూడ పోలే. జెర నాతోని రా.”

పెనం మీద రొట్టె మాడుతోంది. శ్రీలత తీయలేదు.

నర్సింహులు మాత్రం తడుముకోలేదు. “కంప్యూటర్ల తప్పు పడ్డదేమో అక్కా. గిసుంటివి మస్తు అయితయి. ఆదివారం పోయి మాట్లాడుత తియ్యి. పరేషాన్ గాకు.”

“ఆదివారం పంచాయతీ తెరుస్తరా?”

నర్సింహులు వంగి రెండో బూటు వెతుక్కున్నాడు. అది వాడి కాలికే ఉంది.

మూడు నెలల కింద సర్వేకి వచ్చినవాళ్లు ఇల్లు లేనివాళ్లను వాళ్లుండే చోటే నిలబెట్టి ఫొటోలు తీశారు. ఆ రోజు సునంద పొద్దుటి షిఫ్టులో ఉంది. షెడ్డు తాళంచెవి ఎప్పటిలాగే శ్రీలతకు ఇచ్చి పోయింది. పుట్టిల్లు నాలుగడుగుల దూరంలో ఉండగా ఇంకెవరికిస్తుంది? జాగా కాగితాలేమో ఇంకా మొగులయ్య పేరు మీదే ఉన్నాయి. కన్నకూతురికి ఇచ్చిన దానికి రాతకోతలెందుకని నోటిమాటతో ఇచ్చి ఆయన పోయాడు. కొడుకు ఆ కాగితాలు తీశాడు. కోడలు పాత చీర కట్టుకుని, వదిన తలుపు తెరిచి, వదిన వాకిట్లో నిలబడింది. “ఇదేనామ్మా మీరుండే ఇల్లు?” అని సర్వే అతను అడిగితే, “ఔ సారు” అంది. స్లాబు వేసిన మూడర్రల ఇల్లున్న మనిషి అంత సులువుగా నీడ లేనిదైపోయింది.

“ఇల్లు లేస్తే అక్కకొక అర్ర ఇస్తం. తతిమ్మది కంపెనీ పోరగాండ్లకు కిరాయికిస్తం. ఆమెకు గూడ మంచిదే గద,” అని నర్సింహులు అప్పుడు నచ్చజెప్పాడు. శ్రీలతకు నచ్చింది కూడా. తప్పు చేయబోయే వేళ అలాంటి మాటలు ఎవరు చెప్పినా ఇట్టే నచ్చుతాయి.

ఇప్పుడు సునంద ఆ ఇద్దరి దగ్గరికే సాయానికి వచ్చింది. శ్రీలత పొయ్యి కట్టేసింది.

“వదినా, నీ జాగల మంజూరైన ఇల్లు నా పేరు మీదనే ఉన్నది.”

నర్సింహులు టీ గ్లాసు ఠప్పున పెట్టాడు. “ఏయ్, నోరు ముయ్యి!”

“మూడు నెల్ల సంది మూసుకొనే ఉన్న. ముద్ద దిగుతలేదు నాకు,” అంది శ్రీలత. ఇక ఆగకుండా పాత చీర దగ్గర్నుంచి కిరాయి లెక్క దాకా అంతా చెప్పేసింది.

సునంద గడప మీదే కూలబడింది. తమ్ముడి వైపు చూసింది.

“అడిగితే జాగనే ఇస్తుంటి గదరా. దొంగతనం ఎందుకు చేసినవ్?”

“గట్ల గాదక్కా...”

“ఎట్ల మరి?”

ఆమె శ్రీలత వైపు తిరిగింది. “ఊరంత ఉండంగ తాళంచెయ్యి నీ చేతిల పెట్టిపోయిన. నిన్ను నమ్మినని గూడ ఎన్నడు అనుకోలే. ఇంటిదానివి, గంతే.”

తిట్టినా బాగుండేది. శ్రీలత చీర కొంగుతో మొహం తుడుచుకుని, అలాగే పంచాయతీ ఆఫీసుకు నడిచింది. వెనక సునంద, ఆ వెనక బస్సు వదులుకున్న నర్సింహులు.

ఆఫీసు తెరిచేసరికి పదిమంది దాకా చేరారు. అందరూ వింటుండగానే శ్రీలత సెక్రటరీ చంద్రకాంత్‌తో చెప్పింది. “సారు, నేను అబద్ధం చెప్పిన. ఆ షెడ్డు మా వదినది. నా పేరు తీసెయ్యుండ్రి.”

“మీ మీద చర్య తీసుకోవచ్చు, తెలుసా?”

“తీస్కోండ్రి.”

జనం గుసగుసలాడారు. అప్పుడు నర్సింహులు నెమ్మదిగా ముందుకొచ్చాడు. “తెచ్చింది నేనే సారు ఆ ఆలోచన. జాగ మా అక్కది, మా నాయిన ఇచ్చిండు. కాగితం మీద రాసిస్త.” చెప్పినట్టే రాశాడు. కింద సంతకం పెట్టాడు.

“మండలానికి పంపుత. గానీ ఈ లిస్టు అయిపోయింది,” అన్నాడు చంద్రకాంత్. “సునందమ్మ పేరు వచ్చే లిస్టుకు రాస్త. వస్తదని మాత్రం మాటియ్యలేను.”

అంటే నిజం చెప్పినా ఇల్లు రాలేదు. ఒప్పుకుంటే అంతా సర్దుకుంటుందని దారంతా అనుకున్న శ్రీలతకు అప్పుడు తెలిసింది, తను తీసుకున్నది తిరిగి ఇవ్వడం తన చేతిలో లేదని.

బయటికొచ్చేసరికి దూరంగా ఇస్నాపూర్ వైపు ఆకాశం నల్లబడుతోంది.

“వదినా, ఇల్లొచ్చేదాక మా ఇంట్ల ఉండు. ముందటి అర్ర నీదే,” అంది శ్రీలత.

సునంద ఆమెను నిదానంగా చూసింది. “కిరాయి ఎంత?”

శ్రీలత నడిరోడ్డు మీద భోరుమంది. లారీలు పోతున్నాయి, జనం చూస్తున్నారు, ఆమెకేదీ పట్టలేదు. నర్సింహులు కళ్లు కూడా నీళ్లతో నిండాయి. సునంద దగ్గరికి తీసుకోలేదు, వదిలేసి పోనూ లేదు. పక్కనే నిలబడింది.

“మాఫ్ చేసిన అనుకోకుండ్రి,” అంది చివరికి. “ఏడువు, జెరసేపు ఏడువు. అటెన్క ఇద్దరొచ్చి నా మంచం మీ ముందటి అర్రకు మొయ్యుండ్రి. వానొచ్చేటట్టున్నది.”