ఇరవై ఏడో పేరు

"ఇరవై ఏడో పేరు కొట్టేయాలండి," అన్నాడతను.

నిచ్చెనెక్కి పై అర సర్దుతున్న స్కూలు లైబ్రేరియన్ వెనక్కి తిరగలేదు. లిస్టు ఫైనల్ అయిపోయిందనీ, హెడ్మాస్టర్ సంతకం కూడా పడిందనీ, ఇప్పుడు మార్పులు కుదరవనీ గోడకే చెప్పింది.

"కుదరాలి. ఆయన బతికే ఉన్నాడు."

"మీకెలా తెలుసు?"

"పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలో కనిపించాడు."

ఆమె చేతిలోంచి నిఘంటువు జారి సరిగ్గా అతని కాలి బొటనవేలి మీద పడింది. అతను కుంటుతూ బల్ల పట్టుకున్నాడు. ఇంత నొప్పి పుట్టిందంటే బతికున్నట్టు రుజువు దొరికినట్టేనని సరిపెట్టుకున్నాడు.

అతనిది ఇత్తడి పలకల మీద పేర్లు చెక్కే కొట్టు. ఇళ్ళ నేమ్‌ప్లేట్లు, ఆఫీసు బోర్డులు, ఆటలపోటీల షీల్డులు. చదువు మాత్రం ఈ స్కూల్లోనే. స్కూలుకి ముప్ఫై ఏళ్ళు నిండిన సందర్భంగా, చనిపోయిన పాత విద్యార్థుల పేర్లతో హాల్లో ఒక పలక పెట్టాలని సంఘం వాళ్ళు తీర్మానించారు. గుమాస్తా ఫోన్లో ఆర్డరిచ్చి, నలభై ఒక్క పేర్ల లిస్టు కవర్లో పంపాడు. కొట్టువాడి పేరేమిటని అడగాలని ఎవరికీ తోచలేదు. అతను వరసగా కొలతలు వేసుకుంటూ వచ్చి, ఇరవై ఏడో పేరు దగ్గర ఉలి కింద పెట్టేశాడు. ఇంటిపేరుతో సహా తనే. టెన్త్ పాసైన సంవత్సరం కూడా కరెక్టే.

లైబ్రేరియన్ నిచ్చెన దిగింది. అతన్ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ ఒకటికి రెండుసార్లు చూసింది. ఆ చూపులో సారీ ఉంది, కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది. ఆ మూడోదేమిటో అతనికి అంతుపట్టలేదు.

వెంటనే ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, అతని బ్యాచ్ క్లాస్ లీడర్‌కి చేసింది. టెన్త్ వదిలి పదిహేనేళ్ళయినా అతనింకా క్లాస్ లీడరే. వాట్సాప్ గ్రూపులో జననాలూ, మరణాలూ, పెళ్ళిళ్ళూ, బట్టతలలూ అన్నీ అతని నోటి మీదుగానే వెలువడతాయి.

"వాడు పోయాడు మేడమ్, నా రెండు కళ్ళతో చూశాను," అన్నాడు క్లాస్ లీడర్. "కొట్టు అద్దంలో పలక పెట్టారు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కొట్టు కూడా మూసేసుంది పాపం."

"ఒరే, అది శాంపిల్ రా," అన్నాడు పోయినవాడు.

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

తప్పంతా తనదేనని అతను ఒప్పుకోవాల్సి వచ్చింది. సంతాప పలకలు ఎలా ఉంటాయో చూపించమని కస్టమర్లు అడుగుతారు. శాంపిల్ మీద ఎవరి పేరు చెక్కినా వాళ్ళు కొట్టు మీదికొస్తారు. అందుకని తన పేరే చెక్కి అద్దంలో పెట్టాడు. రెండు నెలల క్రితం అక్క ఇంటికి వెళ్ళి వారం రోజులు కొట్టు మూశాడు. ఆ వారంలోనే పోయాడన్నమాట.

"అయితే కొట్టేస్తాను," అని ఆమె పెన్ను తీసింది.

"ఆగండి. నా వాక్యం ఎవరు రాశారు?"

ఆ వాక్యాల రూల్ పెట్టింది ఆమే. ప్రతి పేరుకీ, తెలిసినవాళ్ళు ఒకరు ఒక్క వాక్యం రాసివ్వాలి. పొగడకూడదు, నిజం చెప్పాలి. రాసినవాళ్ళే సభలో లేచి చదవాలి. వాక్యం దొరకని పేరు పలక ఎక్కదు. మంచివాడు, మృదుస్వభావి అని రాసుకుంటూ పోతే పోయింది ఎవరో పోల్చుకోలేమని ఆమె వాదన.

అంటే తన గురించి ఒక్కరైనా రాశారు. రెండు నెలలు చచ్చిపోయి ఉంటే కొట్టు తలుపు తట్టి అయ్యో అన్నవాడు లేడు. స్కూల్లో తనకి స్నేహితులు తక్కువ, వెనక బెంచీ ఎక్కువ. అలాంటివాణ్ణి గుర్తుపెట్టుకుని కూర్చుని రాసినవాళ్ళెవరో తెలిస్తే చాలనిపించింది. ఇప్పటిదాకా అతనికి ఇంత గట్టిగా కావాల్సిందంటూ ఏదీ లేదు.

ఆమె ఫైలు మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. సభకి ముందు ఎవరికీ చూపించకూడదంది. పైగా బతికున్నవాళ్ళకి ఆ సౌకర్యం లేదంది.

"అయితే కొట్టేయకండి. సభ దాకా చచ్చే ఉంటాను."

తర్వాత పది రోజులూ అక్షరాల నమూనాలు చూపించే వంకతో రోజూ వచ్చాడు. అక్షరాలు సన్నగా ఉన్నాయని ఆమె, చచ్చినవాళ్ళకేం తొందర, తీరిగ్గా నిలబడి చదువుతారని అతను. చూపించకూడదన్న మాట పక్కనపెట్టి, మిగతా నలభై మంది వాక్యాలూ ఆమే చదివి వినిపించేది. అతనివరకూ రాగానే పేజీ తిప్పేసేది. ఒకడు ఇంకొకడి చెప్పు దాచి, పన్నెండేళ్ళ తర్వాత అతని పెళ్ళిలో గిఫ్ట్ ప్యాక్ చేసి ఇచ్చాడట. ఒకడు లెక్కల పేపరు చూసి రాసి, చూపించినవాడికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని, ఆ సంగతి చచ్చేదాకా చెప్పి నవ్వాడట. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. తొమ్మిదో క్లాసులోనే జ్వరంతో పోయిన పిల్ల గురించి వాళ్ళ బెంచీ స్నేహితురాలు రాసింది: "నాకు చోటుంచడానికి రోజూ బ్యాగు అడ్డం పెట్టేది." అది చదివాక ఇద్దరూ కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

పదో రోజు ఆ కిటికీలోంచే వాన వచ్చింది. జల్లు బల్ల మీద పడితే ఆమె గబుక్కున పైనున్న గుడ్డ లాగి ఫైళ్ళు తుడిచింది. గుడ్డ కింద ఉన్నది బల్ల కాదు, పాత క్లాసు బెంచీ. దాని మూల మీద కంపాసు ముల్లుతో చెక్కిన ఉడుత. తోక లేదు.

అతను దాన్ని చూశాడు. అతను చూడటం ఆమె చూసింది. అతను గొడుగు మర్చిపోయి, తడుస్తూ వెళ్ళిపోయాడు.

సభ రోజు క్లాస్ లీడర్ వేదిక మీద పేర్లు చదువుతూ, చివరి వరసలో కూర్చున్నవాణ్ణి చూసి రెండుసార్లు మంచినీళ్ళు తాగాడు. పలక మీది గుడ్డ తీశారు. ఇరవై ఆరో పేరు తర్వాత ఒక ఖాళీ గీత, దాని కింద ఇరవై ఎనిమిది. ఖాళీ దగ్గరికి రాగానే క్లాస్ లీడర్ గొంతు సవరించుకుని, సంఘం తరఫున క్షమాపణలు చెప్పి ముందుకి దూకబోయాడు.

చివరి వరసవాడు లేచాడు. "రూల్ రూలే. నా వాక్యం చదవాలి."

హాలు గొల్లుమంది. లైబ్రేరియన్ నెమ్మదిగా లేచింది. కాయితం తేలేదు. అక్కర్లేకపోయింది.

"నేను ఎనిమిదో క్లాసులో, ఇతను పదో క్లాసులో ఉండగా, నేనడిగానని ఉడుత చెక్కుతూ, తోక మొదలెట్టేలోపు మాస్టారొస్తే, నా పేరు చెప్పకుండా దెబ్బలన్నీ ఒక్కడే తిన్నాడు."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె కూర్చోలేదు. "బెంచీలు పాతసామాన్లకి వేసేస్తుంటే అది నేను ఆపాను. ఇది రెండో వాక్యం. రూల్‌కి విరుద్ధం," అని అప్పుడు కూర్చుంది.

మర్నాడు ఆమె లైబ్రరీ తలుపు తీసేసరికి అతను బెంచీ ముందు మోకాళ్ళ మీదున్నాడు. గుమాస్తా తాళం ఇచ్చాడట. ఉడుతకి తోక పూర్తయింది, మరీ గుబురుగా. పదిహేనేళ్ళ వడ్డీ కలిపానన్నాడు. ఆమె కాఫీ తాగుదామంది.

నెల తిరక్కుండా ఒక సాయంత్రం లైబ్రేరియన్ ఫోన్ ఆగకుండా మోగింది. గ్రూపులో నూట పన్నెండు అభినందనలు. వాళ్ళమ్మ ఫోన్ చేసి, పెళ్ళైందని ఊరంతా తెలిశాక కన్నతల్లికి తెలియడం ఏం పద్ధతని నిలదీసింది. ఆ అబ్బాయేదో బాగానే ఉన్నాడు, ఆదివారం భోజనానికి తీసుకురమ్మని అదే గొంతుతో ముగించింది. వార్త వెలువరించింది క్లాస్ లీడర్. నా రెండు కళ్ళతో చూశానని రాశాడు.

ఆమె నేరుగా కొట్టుకి వెళ్ళింది. అద్దంలో పాత సంతాప పలక లేదు. ఇంటి తలుపుకి పెట్టే నేమ్‌ప్లేటు ఉంది. పైన అతని పేరు, పక్కన ఆమె పేరు, మూల మీద చిన్న ఉడుత, తోకతో సహా.

"ఏమిటిది?"

"శాంపిలండి," అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "మీరు కాదంటే తీసేస్తాను."

"మీ శాంపిల్‌ని నమ్మి ఒకసారి రెండు నెలలు ఏడ్చాను."

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆమె అద్దం తలుపు తెరిచి, పలక బయటికి తీసి, బరువు చూసి, చంకలో పెట్టుకుంది.

"ఇక దీన్ని అద్దంలో పెట్టడానికి వీల్లేదు," అంది. "మేకులు తీసుకుని రండి. తలుపెక్కడో వెతుకుదాం."