జాబితా కింద జెస్సీ సంతకం

బ్రేక్!

జెస్సీ రెండు చేతులా నొక్కేస్తుంది. స్కూటర్ వెనక చక్రం జర్రున జారుతుంది. నాపరాళ్ల లారీ ఒకటి హారన్ మోగిస్తూ ఆమె భుజాన్ని రాసుకున్నంత దగ్గరగా దూసుకుపోతుంది.

దుమ్ము... కళ్ల నిండా తెల్ల దుమ్ము!

వ్యాను ఏది?

అదిగో! పాలిష్ ఫ్యాక్టరీలు దాటి ఎడమవైపు మట్టిదారిలోకి తిరుగుతోంది. తెల్ల వ్యాను. వెనక నంబర్ ప్లేటు లేదు.

మధ్యాహ్నం రెండు గంటలు. బేతంచెర్ల ఎండకు రోడ్డు మీద మనిషన్నవాడు లేడు.

హెల్మెట్‌లో ఇరికించిన ఫోన్ గరగరలాడుతుంది. హనుమేష్ గొంతు. ఆమె పనిచేసే ఇన్సూరెన్స్ కంపెనీకి బ్రాంచి మేనేజర్.

"యాడుండావు జెస్సీ?"

"వ్యాను కనపడ్తాంది సార్! పాత గనుల దిక్కు పోతాంది."

"వదలద్దు!"

"పోలీసులకు చెప్తాం సార్... నాకు శానా భయమైతాంది."

"ముందు గడియారాల పెట్టె దొరకనీ! ఆ పెద్దాయన పాలసీ సంగతి మర్చిపోయినావా?"

మర్చిపోలేదు. ఎలా మర్చిపోతుంది?

నాలుగు రోజుల క్రితం రంగస్వామి ఇంటికి వెళ్లింది ఆమే. నాపరాళ్ల వ్యాపారం చేసి మానుకున్న డెబ్బై ఏళ్ల మనిషి. నలభై ఏళ్లుగా ఊరూరా తిరిగి పాత జేబు గడియారాలు పోగేశాడు. మొత్తం నలభై ఆరు, గుంటలు చేసిన ఒకే చెక్కపెట్టెలో, బీరువాలో. అందులో అయిదు బంగారువి. రోజూ పొద్దున్నే ఒక్కోదానికీ తనే కీ ఇస్తాడు. ఇంకెవర్నీ ముట్టనివ్వడు.

జెస్సీని ముట్టనిచ్చాడు.

"నీ చేతులు నిదానంగా ఉండాయి పాపా. నువ్వైతే పడెయ్యవు."

ఒక్కోటీ చేతిలోకి తీసుకుంది. ఫొటో తీసింది. ఏది ఏ గుంటలో ఉందో రాసింది. బీరువా తాళం, వెనక తలుపు గడియ, కెమెరాకు అందని మూల... హనుమేష్ అన్నీ రాయమన్నాడు. అన్నీ రాసింది. కింద సంతకం పెట్టి, కాగితాలు తీసుకెళ్లి అతని చేతికే ఇచ్చింది.

"ఇంక దొంగలు పడినా, కిందపడి పగిలినా మా కంపెనీదే పూచీ తాతా," అని ఆ పెద్దాయనకు మాటిచ్చి మరీ వచ్చింది.

నిన్న రాత్రి దొంగలు పడ్డారు!

పొద్దున్నే హనుమేష్ ఫోన్. "ఫారంలో ఒక గడి ఖాళీగా వదిలినావు. పాలసీ మొదలే కాలేదు. ముసలాయనకు ఏమీ రాదు!"

తన తప్పు వల్ల...

గంట క్రితం మళ్లీ అతనే. "గడియారాలు పాలిష్ ఫ్యాక్టరీల దిక్కు తెల్ల వ్యానులో పోతాండాయంట. తెలిసినోళ్లు చెప్పినారు. నువ్వు ఆడనే ఉండావు కదా. పెట్టె యాడ దించుతారో చూడు చాలు!"

అందుకే ఈ పరుగు.

వ్యాను ఆగింది!

జెస్సీ స్కూటర్‌ను రాళ్ల గుట్ట చాటున పడేసి కూర్చుండిపోతుంది. గని అంచున ఇద్దరు దిగారు. ముఖాలకు తువ్వాళ్లు. చెక్కపెట్టె కిందికి దించారు.

ఒకడు తల తిప్పాడు.

సూటిగా ఆమె వైపే చూస్తున్నాడు!

అయిపోయింది... చంపేస్తారు...

కానీ వాడు అరవడు. ఉరకడు. నింపాదిగా వ్యాను ఎక్కుతాడు. వ్యాను ఆమె పక్కనుంచే వెళ్లిపోతుంది.

ఎందుకు?

ఆలోచించే టైమ్ లేదు. పరుగు! రాళ్లు గుచ్చుకుంటున్నా పరుగు! పెట్టె మూత తెరుస్తుంది.

గడియారాలు! అవే!

ఒక్కోటీ తీసి చూస్తుంది. ముప్ఫై తొమ్మిది... నలభై... నలభై ఒకటి.

అంతే.

"సార్! దొరికినాయి సార్! కానీ అయిదు లేవు... బంగారువి అయిదూ లేవు!"

"చేత్తో ముట్టుకున్యావా?"

"ఆ సార్, అన్నీ తీసి చూసినా."

"మంచి పని చేసినావు. ఆడనే ఉండు. కదలద్దు."

ఫోన్ కట్.

అయిదు నిమిషాలు కూడా కాలేదు. పోలీసు జీపు! వెనకే ఒక కారు! కారులోంచి రంగస్వామి దిగుతున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని దించుతున్నది... హనుమేష్!

అమ్మయ్య! సార్ వచ్చేశారు!

జెస్సీ పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని పరుగెత్తుతుంది. "తాతా! దొరికినాయి తాతా!"

"ఆగు! పెట్టె కింద పెట్టు!" ఎస్సై వీరభద్ర గర్జిస్తాడు.

ఆడ కానిస్టేబుల్ ఆమె రెక్క విరిచి పట్టుకుంటుంది. ఎస్సై ఫోన్ లాక్కుని తెరిపిస్తాడు. బీరువా తాళం ఫొటో. వెనక తలుపు ఫొటో. కెమెరాకు అందని మూల ఫొటో.

"నువ్వు తీసినవేనా?"

"నేనే సార్... పాలసీ కోసరం..."

"ఏం పాలసీ? ఆయన పేరు మీద మీ ఆఫీసులో కాగితమే లేదంట!"

జెస్సీ గిరుక్కున హనుమేష్ వైపు తిరుగుతుంది.

"హనుమేష్ సార్! చెప్పండి సార్! కాగితాలు మీ చేతికే ఇస్తి కదా! నన్ను ఈడికి పంపింది మీరే కదా! ఎస్సైగారూ, నా ఫోన్ చూడండి... పొద్దున్నుంచి పదకొండు సార్లు చేసినాడు!"

ఎస్సై చూస్తాడు. పదకొండు కాల్స్. నిజమే.

హనుమేష్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. గొంతు పూడుకుపోయినట్టు మాట్లాడతాడు.

"అవును సార్. పదకొండు సార్లు చేసినా. పొద్దున్నుంచీ బతిమాలుతాండా సార్ ఈ పిల్లను... పెట్టె తిరిగిచ్చేయమ్మా, జీవితం పాడు చేసుకోవాకు అని!"

జెస్సీ రంగస్వామి వైపు తిరుగుతుంది.

రంగస్వామి పెట్టె ముందు కూలబడ్డాడు. ఖాళీ గుంటలు అయిదూ వేలితో తడుముతున్నాడు. తలెత్తి ఆమెకు రెండు చేతులూ జోడిస్తాడు.

"యాడ పెట్టినావు పాపా? ఒక్క మాట చెప్పు. కేసు లేకుండా చేస్తా."

"నాకు తెల్దు తాతా... ఒట్టు... నాకు తెల్దు!"

"స్టేషన్లో తెలుస్తుంది. ఎక్కించండి!"

జీపులోకి తోసేస్తారు. తలుపు ధడేల్!

హనుమేష్ కిటికీ దగ్గరికి వస్తాడు. అందరికీ వినబడేలా, ఎంతో జాలిగా అంటాడు.

"భయపడాకు జెస్సీ. మీ నాయనకు నేను చెప్తా. లాయర్ను కూడా నేనే పెడతాలే!"