తిరిగి వచ్చిన గ్లాసులు

1974వ సంవత్సరం జూలై పదకొండవ తేదీ, గురువారం. ఆషాఢం సగం దాటింది. ఉదయం ఏడు గంటల వేళ తిరువూరు బజారు వెనక వీధిలో ఒక ఇంటి వసారాలో ఆ కుటుంబంలోని నలుగురూ ఉన్నారు: పాత్రల దుకాణం యజమాని ఆదిశేషయ్య, ఆయన భార్య నాగేశ్వరమ్మ, కొడుకు అంకారావు, కోడలు సరోజినీదేవి. మామూలు రోజుల్లో ఆ వేళకు ఆదిశేషయ్య దుకాణం తాళాలు జేబులో వేసుకుని గడప దాటేవాడు. ఆ రోజు మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టి అందరినీ కూర్చోమన్నాడు.

"ఎరువుల వ్యాపారి మళ్లీ కబురు పంపాడు. కొట్టు అద్దెకిచ్చేద్దామనుకుంటున్నాను," అన్నాడు.

బియ్యం చెరుగుతున్న నాగేశ్వరమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "ఇచ్చి మీరేం చేస్తారు? అరుగు మీద కూర్చుని వచ్చే బస్సులూ పోయే బస్సులూ లెక్కపెడతారా?"

"బస్టాండు దగ్గర కొత్త కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ మన గుమ్మం తొక్కేవాళ్లెవరే? వాళ్లకు మైకుంది, రంగు దీపాలున్నాయి. మనకేముంది?"

"పేరుంది నాన్నా," అన్నాడు అంకారావు.

ఆ మాటలో అతిశయం లేదు. గంపలగూడెంలో తన వాటా పొలం అమ్మి ఇరవై రెండేళ్ల కిందట ఆదిశేషయ్య ఆ దుకాణం తెరిచాడు. సామాను అందరి దగ్గరా దొరికేదే. పేర్లు చెక్కడం మాత్రం ఆయన సొంత విద్య. సన్నని ఉలి మొన ఆనించి, చిన్న సుత్తితో తాకుతూ, చుక్క పక్కన చుక్క పెడుతూ పోతే గిన్నె అంచు కింద ఒక మనిషి పేరు ముత్యాల వరుసలా తేలేది. శుభకార్యాలకు పది ఇళ్ల పాత్రలు ఒక్క వంటశాలలో కలిసిపోయినా, ఆ చుక్కలే దేని ఇంటికి దాన్ని మళ్లీ చేర్చేవి.

అంకారావు బెజవాడలో బీకాం చదివాడు. అంతకు ముందు నెలలో అక్కడే చిన్న వ్యాపారుల కోసం పెట్టిన మూడు రోజుల తరగతులకు వెళ్లి, ఒక నోటుపుస్తకం నిండా రాసుకుని వచ్చాడు. ఇప్పుడు దాన్ని తెరిచాడు.

"మొదటి సూత్రం. ధైర్యం. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఈ రోజు నేను అమ్మగలను అని మూడుసార్లు అనుకోవాలి."

"అదా సంగతి!" అంది నాగేశ్వరమ్మ. "తెల్లారగట్ల గదిలోంచి మాటలు వినబడుతుంటే పెళ్లాంతో పోట్లాడుతున్నావనుకున్నాను. అద్దంతోనన్నమాట."

సరోజిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంకారావు చెవులు ఎర్రబడ్డాయి గాని, చదవడం ఆపలేదు. "రెండోది. కొనేవాడి కళ్ల ముందు మన పేరు రోజూ కనబడుతూ ఉండాలి. నాన్నా, రెండొందల స్టీలు గ్లాసులు తెప్పిద్దాం. వాటి మీద మన కొట్టు పేరు మీరు చెక్కండి. పది రూపాయల సామాను కొన్నవాళ్లకు ఒక గ్లాసు ఊరికే ఇద్దాం. వాళ్లు మంచినీళ్లు తాగినప్పుడల్లా మనమే గుర్తొస్తాం."

ఆదిశేషయ్య మిగిలిన కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు. చివరకు, "దసరా వరకూ చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే తాళాలు ఎరువుల వ్యాపారికే," అని లేచాడు. కొట్టు పోతే తన చేతులకు పనుండదన్న దిగులు ఆయనలోనూ ఉంది. అందుకే గడువు ఇచ్చాడు.

గ్లాసులు వచ్చాయి. దుకాణం వెనక మూల, అలమారల చాటున తన పీట మీద కూర్చుని ఆదిశేషయ్య పన్నెండు రోజులు చెక్కాడు. 'ఆదిశేషయ్య పాత్రల దుకాణం, తిరువూరు.' ముందు విసుగనిపించింది. యాభై గ్లాసులు దాటాక, ఎందుకో చేతికి హుషారు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఎవరెవరి పేర్లో చెక్కిన ఉలి అది. తన పేరు నెమలి ఊళ్లో, ఎ.కొండూరులో, ఎక్కడెక్కడి వంటిళ్లలోనో మెరుస్తుందన్న ఊహ ఆయనకు తీయగా ఉంది. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

శ్రావణం వచ్చింది. పెళ్లిళ్ల సామాన్లతో పాటు గ్లాసులూ చకచకా వెళ్లిపోయాయి. అంకారావు అద్దం ముందు మరింత గట్టిగా మాట్లాడసాగాడు.

మూడో వారంలో నెమలి నుంచి వెంకాయమ్మ వచ్చింది. వర్షానికి తడిసిన సంచిలోంచి గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. దాని నిండా పెసలున్నాయి.

"మీ గ్లాసు మా సామాన్లలో కలిసొచ్చిందండీ అన్నయ్యగారూ."

"కలిసి రాలేదమ్మా, నీకే ఇచ్చాం. ఉంచుకో."

"బాగుంది! పేరు మీదయితే నేనెలా ఉంచుకుంటాను? మొన్న మా ఆడపడుచు వచ్చి, మంచినీళ్లు తాగి, గ్లాసు తిరగేసి చూసింది. 'ఎవరిదో తెచ్చుకుని ఇవ్వలేదేం వదినా' అంది. సిగ్గుతో చచ్చాననుకోండి."

"మరి ఈ పెసలు?"

"ఖాళీ గ్లాసు ఇస్తారా ఎవరైనా?" అని వెంకాయమ్మ ఆయన వైపు జాలిగా చూసి, బస్సు వేళవుతోందని వెళ్లిపోయింది.

ఆ తరువాత రోజూ అదే వరస. ఒక గ్లాసులో బెల్లం ముక్క, ఒకదానిలో చింతపండు, ఇంకొకదానిలో ఎండు మిరపకాయలు. ఎవరూ కోపంగా రాలేదు. మరచిపోయి తీసుకువెళ్లిన వస్తువు అప్పగించినట్టు మర్యాదగా ఇచ్చి వెళ్లారు. నాగేశ్వరమ్మ వాటిని డబ్బాల్లోకి ఒంపుకుంటూ, "ఈ నెల పచారీ సామాను కొనక్కర్లేదురా అబ్బాయ్, నీ రెండో సూత్రం చలవ," అని కొడుకును ఏడిపించింది. అంకారావు నవ్వలేకపోయాడు.

ఎ.కొండూరు నుంచి హనుమాయమ్మ వచ్చిన రోజున మాత్రం నవ్వడానికేమీ మిగలలేదు. కూతురి సారె సామానంతా ఆమె అక్కడే కొన్నది. దానితో ఊరికే వచ్చిన ఆరు గ్లాసులూ బల్ల మీద బోర్లించి, బజారంతా వినేటట్టు అడిగింది.

"ఏమండీ ఆదిశేషయ్యగారూ, మీకు నేనేం అపకారం చేశాను? సారె విప్పినప్పుడు మా వియ్యపురాలు ఈ గ్లాసెత్తి వెలుగులో పట్టుకుని చదివింది. 'ఆదిశేషయ్య ఎవరమ్మా, మీ మేనమామా?' అని అడిగింది. పందిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. పిల్ల లోపలికెళ్లి ఏడ్చింది. సారెలో మా అమ్మాయి పేరుండాలి గానీ మీ పేరెందుకండీ?"

ఆమె వెళ్లిపోయాక ఆదిశేషయ్య దుకాణం మూసి మిట్టమధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. వెనకనే వచ్చిన కొడుకు మీద వసారాలోనే విరుచుకుపడ్డాడు.

"చూశావా నీ చదువు? ఇరవై రెండేళ్లలో ఒక్క ఆడకూతురు నా గుమ్మం ముందు నిలబడి గొంతెత్తలేదు. నీ నోటుపుస్తకం ఆ ముచ్చటా తీర్చింది. దసరా దాకా ఎందుకు, రేపే తాళాలిచ్చేస్తాను!"

"ఇచ్చేయండి," అన్నాడు అంకారావు. "తప్పు నాదే. కానీ ఒక్క మాట. ఇంకొకరి పేరున్న వస్తువు ఇంట్లో ఉంచుకోరన్న సంగతి నాకు తట్టలేదు. నేను బెజవాడ హాస్టలు పళ్లేల్లో తిన్నవాణ్ణి. మీకు తెలియదా? పేరు ఎందుకు చెక్కుతారో ఈ ఊళ్లో మీకన్నా ఎరిగినవాళ్లెవరు? రెండొందలు చెక్కారు కదా నాన్నా. ఒక్కసారైనా ఉలి ఆగలేదేం?"

ఆదిశేషయ్య కోపంగా ముందుకు ఒక అడుగు వేశాడు. ఆ పన్నెండు రోజులూ, ఆ హుషారూ, చేతి కింద వరుసగా మెరిసిన తన పేరూ కళ్ల ముందు కదిలాయి. ఆయన నెమ్మదిగా వాలుకుర్చీలో కూర్చున్నాడు.

"నా పేరు కాబట్టి ఆగలేదురా," అన్నాడు. "బాగుందనిపించింది. అంతే. తప్పు నీ ఒక్కడిదీ కాదు."

తండ్రి ఆ మాట అనగా అంకారావు పుట్టాక ఎన్నడూ వినలేదు. ఏం చేయాలో తెలియక, స్తంభానికి ఆనుకుని నేల చూశాడు.

వంటింటి గడప దగ్గర సరోజిని తిరిగి వచ్చిన గ్లాసులు తుడుస్తూ ఉంది. మామగారి ముందు వ్యాపారం మాట ఆమె అంతవరకు ఎత్తలేదు.

"మామయ్యగారూ, ఒక్కటి అడుగుతాను. ఇచ్చినవాటిలో ఎన్ని వచ్చాయి?"

"నూట డెబ్భై ఇచ్చాం. నూట పదమూడు వచ్చాయి. మిగిలినవీ దారిలో ఉన్నట్టే."

"మన పేరున్న గ్లాసును పోగొడదామన్నా పోవడం లేదన్నమాట. అలాంటప్పుడు ఇచ్చెయ్యడమెందుకండీ? అరువిద్దాం."

అంకారావు తలెత్తాడు.

"పెళ్లి భోజనాల్లో గ్లాసు మీద ఎవరి పేరున్నా ఎవరూ తప్పుపట్టరు. పది ఇళ్లవీ తేవడం మామూలే. భోజనాలున్నవాళ్లు రెండొందల గ్లాసుల కోసం వీధులు తిరుగుతారు. మనం ఊరికే అరువిద్దాం. ప్రతి బంతిలోనూ మన పేరు కనబడుతుంది. పనయ్యాక గ్లాసులు మన ఇంటికే వస్తాయి. కొన్న సామాను మీద మాత్రం కొన్నవాళ్ల పేరే."

"అదెప్పుడూ చేస్తున్నదేగా అమ్మాయ్," అన్నాడు ఆదిశేషయ్య.

"చేస్తున్నారు, కానీ వెనక మూల చీకట్లో కూర్చుని చేస్తున్నారు. కొత్త కొట్టులో పేరు చెక్కేవాళ్లు లేరు. ఆ పీట వీధివైపు వెయ్యండి. అందరూ చూడనివ్వండి."

నాగేశ్వరమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీ అద్దం ఈ మాట ఎప్పుడైనా చెప్పిందిరా?"

ఈసారి అంకారావే ముందు నవ్వాడు.

గ్లాసులు మొదట అడిగింది ఊరి చివర పేట నుంచి వచ్చిన జోజమ్మ. సెప్టెంబరు ఎనిమిదిన మరియమాత పుట్టిన పండుగకు చర్చిలో భోజనాలు. దుకాణం మెట్టు దగ్గరే నిలబడి, "మాకూ ఇస్తారా అండీ?" అని అడిగింది. ఆ అడగడంలో ఉన్న బెరుకు ఆదిశేషయ్యకు అర్థమైంది. అన్నం తెచ్చిన నాగేశ్వరమ్మ ఒక్క క్షణం భర్త ముఖం చూసింది. ఆయన లేచి గ్లాసుల బుట్ట తానే మోసుకొచ్చి మెట్టు మీద పెట్టాడు. "గ్లాసులు తాగడానికే తల్లీ. తీసుకెళ్లు." పండుగ మరునాడు గ్లాసులు తళతళా తోమి వచ్చాయి, పై వరుసలో ఒక గ్లాసు నిండా అరిసె ముక్కలున్నాయి. నాగేశ్వరమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, పాకం బాగా కుదిరిందని ఒప్పుకుంది.

హనుమాయమ్మ దగ్గరికి తండ్రీకొడుకులిద్దరూ వెళ్లారు. ఆరు కొత్త గ్లాసుల మీద ఆమె కూతురి పేరు చెక్కి ఇచ్చి, క్షమించమన్నారు. ఆమె కాఫీ ఇచ్చి పంపింది.

దసరా నాటికి బజారుకు ఒక కొత్త అలవాటయింది. సామాను కొన్న ఆడవాళ్లు వీధివైపు వేసిన పీట ఎదుట కూర్చుని, పిల్లల పేరు ఒక్కొక్క అక్షరంగా తేలుతుంటే చూస్తూ కబుర్లు చెప్పుకునేవారు. ఒకనాడు ఒకావిడ బస్టాండు దగ్గర కొన్న బిందె తెచ్చి, "పేరు కొడతారా?" అని మొహమాటంగా అడిగింది. ఆదిశేషయ్య ముఖం చిట్లించాడు.

"కొట్టండి నాన్నా," అన్నాడు అంకారావు మెల్లగా. "ఈసారి బిందె కూడా ఇక్కడే కొంటారు."

ఆమె పది రోజుల తరువాత ఇద్దరు చెల్లెళ్లను వెంటబెట్టుకుని వచ్చింది.

దసరా వెళ్లిన మూడోనాడు ఉదయం ఆదిశేషయ్య మళ్లీ అందరినీ వసారాలో కూర్చోమన్నాడు. చేతిలో స్టాంపు కాగితం ఉంది. దాని మీద తన స్వదస్తూరీతో రాసినది చదివాడు. దుకాణం ఇక మీదట ముగ్గురిది: తనది, అంకారావుది, సరోజినీదేవిది. ముగ్గురికీ సమభాగం. ముగ్గురూ ఒప్పుకోనిదే అద్దెకు గాని, అమ్మకానికి గాని వీల్లేదు.

"నా పేరెందుకు మామయ్యగారూ?" అంది సరోజిని.

"నీ మాట మీద నడుస్తున్న కొట్టులో నీ పేరు లేకపోతే అబద్ధమవుతుందమ్మా."

ముగ్గురూ సంతకాలు చేశారు. ఆదిశేషయ్య సాక్షి కోసం వీధిలోకి చూశాడు.

"నేను లేనూ?" అంది నాగేశ్వరమ్మ. "ఇటివ్వండి."

"వేలిముద్రకు సిరా తేవాలే. ఉండు."

"వేలిముద్రెందుకు? సంతకం చేస్తాను."

ఆమె బడి మెట్టెక్కలేదని అందరికీ తెలుసు. చేతిలోకి కలం తీసుకుని, కాగితం మీదికి వంగి, ఆమె గీత గీయలేదు. చుక్క పెట్టింది. దాని పక్కన ఇంకొక చుక్క. ఊపిరి బిగబట్టి, చుక్క వెంట చుక్క పెట్టుకుంటూ పోయింది. వంకరటింకరగా, కాని ఒక్క దీర్ఘమూ ఒత్తూ తప్పకుండా, 'నాగేశ్వరమ్మ' అని తేలింది.

"ఎక్కడ నేర్చుకున్నావే?" అన్నాడు ఆదిశేషయ్య.

"కొట్టు తెరిచిన కొత్తలో నాకొక చెంబు మీద చెక్కిచ్చారుగా. రోజూ తోముతున్నదే, రాదా ఏమిటి?" అని ఆమె కలం మూత పెట్టింది. "అక్షరాలంటే చుక్కలే అనుకున్నాను. తప్పా?"

"తప్పు లేదు," అన్నాడాయన. కళ్లజోడు తీసి పంచె కొంగుతో అద్దాలు తుడుచుకున్నాడు, చాలాసేపు. తరువాత ఆ చుక్కల సిరా ఆరేదాకా కాగితాన్ని రెండు చేతులా గాలికి పట్టుకుని, నాలుగు మడతలు పెట్టి, లోపలి గదిలోని బీరువాలో దాచి తాళం వేశాడు.