వెంకటప్పయ్య కాటా

పెనుగొలను నుంచి తిరువూరు వచ్చే దారిలో, పత్తి లారీలు తూచే పాత కాటా ఒకటుంది. పగలు దాని పక్కనే బండి ఆపి బీడీ కాల్చుకునే మొనగాళ్లే, పొద్దు గూకితే అక్కడ హారన్ కొట్టడానిక్కూడా జంకుతారు.

కారణం వెంకటప్పయ్య. బతికున్న రోజుల్లో ఆ కాటా గుమస్తా ఆయనే. మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి, కేజీ తేడా లేకుండా బరువు చెప్పేవాడు. మూడేళ్ల కిందట ఒక రాత్రి, గదిలో ఒక్కడే ఉండగా గుండెనొప్పి వచ్చింది. తెల్లారి చూస్తే కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నాడు... చేతిలో ఫోను. అందులో రీచార్జి లేదు.

ఆ తర్వాత ఓనరు మిషన్లు పీక్కుపోయాడు. కరెంటోళ్లు తీగ కోసుకుపోయారు. మిగిలిందల్లా గదిలో ఒక టేబులు, బయట లారీలెక్కే ఇనప ప్లేటు, ఇంకా — జనం చెప్పేదాన్ని బట్టి — వెంకటప్పయ్య.

రాత్రిళ్లు దారిన పోయేవాళ్లని తూస్తాడట. ఎవరి బరువు పైకి చెప్తాడో, వాళ్లు నెల తిరక్కుండా... సర్లెండి, మీరే అర్థం చేసుకోండి.

ఇదంతా తెలిసి కూడా ఏసోబు ఒక రాత్రి పదింటికి సరిగ్గా ఆ కాటా ముందే ఆగాడు. సరదాకి కాదు. మోపెడ్ చైను తెగింది.

వెనక సీటు మీద అతని భార్య పుష్పలత. గంట కిందట దొడ్లో పుల్లలు తీయబోతే కట్లపాము కాటేసింది. రెప్పలు బరువుగా వాలిపోతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఏమయ్యా... వచ్చేశామా?"

"ఆ, ఇదిగో... అయిదు నిమిషాలు."

అబద్ధం. ఆస్పత్రి ఇంకా ఆరు కిలోమీటర్లుంది. అటూ ఇటూ పత్తి చేలు తప్ప ఒక్క ఇల్లు లేదు. ఏసోబు ఆమెని ఎత్తుకెళ్లి, ఆ ఇనప ప్లేటు మీద పడుకోబెట్టాడు. తనూ కూర్చుని తల ఒళ్లో పెట్టుకున్నాడు. జేబులోంచి ఫోను తీశాడు.

ఆ ఫోను గురించి కాస్త చెప్పాలి. పద్నాలుగొందలు పెట్టి కొన్న బటన్ల ఫోను. కాలవలో పడింది, ట్రాక్టరు కింద పడింది, బతికింది. ఒకసారి చార్జింగు పెడితే నాలుగు రోజులు కదలదు. దాని టార్చి ముందు మోపెడ్ లైటు దండగ. కిందపడితే మాత్రం మూడు ముక్కలు — మూత, బ్యాటరీ, ఫోను. ఏరుకుని బిగిస్తే మళ్లీ మామూలే. బ్యాటరీ వదులుగా ఉంటుందని అగరొత్తుల డబ్బా అట్టముక్క మడిచి ఇరికించాడు. ఇంకో తెగులేంటంటే, ఏ అంకె నొక్కినా లోపల్నుంచి ఒకమ్మాయి ఆ అంకెని పైకి అరుస్తుంది. ఆ గోల ఎలా ఆపాలో ఊళ్లో ఎవడికీ తెలీదు. ఏసోబు నంబరు కొడితే బస్సంతా రాసుకోవచ్చు.

అన్నీ ఉన్నాయి. రీచార్జి ఒక్కటే లేదు. ఇరవయ్యెనిమిది రోజులు నిన్నటితో అయిపోయాయి. శనివారం కూలి వచ్చాక వేయించుకుందాంలే అనుకున్నాడు.

అయినా కొట్టాడు. తిరువూరులో ఆటో తోలే బావమరిది జోజప్పకి.

"మీ ప్లాను గడువు ముగిసింది. దయచేసి రీచార్జి చేసుకోండి."

మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే గొంతు, అంతే మర్యాదగా.

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా... ఒక్క ఫోను... ఒక్కటి పోనీ తల్లీ..."

"దయచేసి రీచార్జి చేసుకోండి."

దూరంగా లైటు కనిపించింది. బైకు! ఏసోబు లేచి నిలబడి, టార్చి ఊపుతూ గొంతు చించుకున్నాడు. "ఆపండయ్యా! ఆపండి!"

బైకు మీది ఇద్దరూ చూశారు. రాత్రిపూట, వెంకటప్పయ్య కాటా మీద, ఒక ఆకారం పడుకునుంది, ఇంకో ఆకారం చేతులూపుతోంది. ఆపుతారా? కెవ్వుమని కేకేసి, ఉన్న స్పీడుకి ఇంకో రెండింతలు కలిపి పోయారు. తర్వాతొచ్చిన ఇంకో బైకువాడు హ్యాండిలు వదిలేసి దణ్ణం పెట్టుకున్నాడు.

"పుష్పా... పుష్పా, పడుకోమాకే!"

పలకలేదు. రొమ్ము మాత్రం నెమ్మదిగా లేచి పడుతోంది... చాలా నెమ్మదిగా.

ఏసోబు ఆమె చెంపల మీద తట్టాడు. చేతిలో ఫోను వైపు చూశాడు. "ఎందుకే నువ్వు!" అని, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి విసిరికొట్టాడు. తలుపుల్లేని కిటికీలోంచి అది గదిలోకి పోయి పడింది.

టప్... టప్... టప్.

మూత. బ్యాటరీ. ఫోను.

ఇక అయిపోయింది. తల బాదుకుంటూ కూలబడ్డాడు. కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి...

అప్పుడు వినపడింది. గదిలోంచి. చిన్నగా — టిక్. మూత బిగించినట్టు.

తర్వాత, ఫోనులో అమ్మాయి గొంతు.

"ఒకటి..."

ఏసోబు తల తిప్పి కిటికీ వైపు చూశాడు.

"సున్నా..."

పుష్పలతని రెండు చేతుల్తో పొదివి పట్టుకున్నాడు. "తూకం చెప్పొద్దయ్యా... ఆమెది చెప్పొద్దు... కావాలంటే నాది చెప్పుకో..."

"ఎనిమిది."

కిటికీలో టార్చి వెలుగు ఒకసారి కదిలి ఆగింది. ఒక దగ్గు. ఎవరో పెద్దాయన గొంతు తగ్గించి ఏదో చెబుతున్నాడు... ఆగి, మళ్లీ చెబుతున్నాడు. తర్వాత అదీ లేదు.

ఇరవై నిమిషాలకి అంబులెన్సు వచ్చింది. పుష్పలతని లోపలికెక్కించి సూది గుచ్చుతూ అందులో కుర్రాడు అడిగాడు, "ఫోన్ చేసిన పెద్దాయన ఏరండి?"

"ఎవరూ... ఎవరూ లేరండి. నా ఫోన్లో రీచార్జే లేదు."

"108కి రీచార్జి ఎందుకండీ?" అన్నాడు కుర్రాడు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

డ్రైవరు గదిలోకి లైటు వేశాడు. టేబులు మీద ఫోను. ముక్కలు కాదు, మొత్తంగా. తెచ్చి ఏసోబు చేతిలో పెట్టాడు.

పుష్పలత బతికింది. మూడో రోజుకి లేచి కూర్చుని, ఆస్పత్రి ఇడ్లీకి వంకలు పెట్టింది.

"పడ్డప్పుడు మీట నొక్కుకుని ఉంటుంది బావా," అని జోజప్ప తేల్చేశాడు. "మూడు చప్పుళ్లూ, పెద్దాయనా అంతా నీ భయమే. నువ్వేడ్చిన గొంతే వాళ్లకి పెద్దాయనలా వినపడుంటుంది." ఏసోబుకీ అదే బాగుందనిపించింది. చెప్పొద్దూ, వినేవాళ్లకీ అదే బాగుంటుంది.

నాలుగో రోజు, ఎప్పట్లాగే, ఫోను చార్జింగు అయిపోయింది. బ్యాటరీ ఒకసారి సర్దుదామని ఏసోబు మూత తీశాడు. అగరొత్తుల అట్టముక్క లేదు. దాని బదులు నాలుగు మడతల కాగితం ఉంది. విప్పాడు.

కాటా చీటీ. తారీకు ఆ రాత్రిదే.

మొత్తం 109. ఖాళీ బండి 61. సరుకు 48.

పుష్పలత లాక్కుని చూసింది. మంచం పక్కన కేసు షీటు మీద ఆమె బరువు నలభై ఎనిమిదే.

"నన్ను సరుకన్నాడు, నిన్ను ఖాళీ బండన్నాడు," అంది. "నువ్వూ పోయి మిషనెక్కి చూసుకోరాదూ?"

"నేనెక్కను."

"ఎక్కక్కర్లేదులే. నువ్వు ఖాళీ బండివని నాకు పెళ్లయిన దగ్గర్నుంచీ తెలుసు."

నవ్వుతూనే చీటీ వెనక్కి తిప్పింది. నవ్వు ఆగిపోయింది. చీటీ అతని చేతికిచ్చింది.

వెనక పెన్నుతో, గుమస్తాల గుండ్రటి రాతలో, ఒకే ఒక్క ముక్క ఉంది.

"108కి రీచార్జి అక్కర్లేదట. నేను పోయిన రాత్రి నాకూ తెలీలేదు."