మామయ్యకు చెప్పని సీను

గిన్నెలు సర్దుకుని కోడలు హాల్లోకి వచ్చేసరికి మామయ్య అప్పటికే సోఫాలో తన మూలన సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. చూపు పూర్తిగా పోయాక ఆయనకు మిగిలిన సరదా టీవీలో వచ్చే ఓ ఓడ కెప్టెన్ సీరియలొక్కటే. కొత్త సీజను వచ్చిందని విన్నప్పటి నుంచీ కాలు నిలవడం లేదు. మాటలు ఆయన వింటాడు. మాటల్లేని చోట తెర మీద ఏం జరుగుతోందో కోడలు చెప్పాలి.

మొదట్లో ఆమె శ్రద్ధగానే చెప్పింది. పోనుపోను విసుగు పుట్టింది. సముద్రం, పొగమంచు, మళ్లీ సముద్రం! ఇంతలో ఆమెకు ప్రాణమైన డాన్సు పోటీ కూడా తిరిగి మొదలైంది. తన దగ్గర గౌన్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లంతా దాని గురించే కబుర్లు. తనొక్కతే చూడలేదు. అందుకే ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఒళ్లో ఫోనులో డాన్సులు చూస్తూ, మామయ్యకు నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టింది.

"ఇప్పుడేం చేస్తున్నాడమ్మా?"

"డెక్కు మీద నిలబడ్డాడు మామయ్యా."

"ఈ సీజనంతా నిలబడే ఉన్నాడే! కాళ్లు లాగవూ?" అని నవ్వాడాయన. "ఓడలో మన వంటాయన గొంతు వినిపించట్లేదేం?"

"కింద వంట చేస్తున్నాడు," అంది, ఫోను మీంచి కళ్లెత్తకుండానే.

ఆ మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి అటునుంచటే తండ్రిని చూడ్డానికి వచ్చింది.

"నాన్నా, వంటాయన పోయిన సీను విన్నావా? ఒక్క మాట లేదు, ఒట్టి సంగీతం. నేనైతే వెక్కివెక్కి ఏడ్చాననుకో!"

మామయ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది. "మన వంటాయనా? పోయాడా?"

"అదేంటి, ఆ ఎపిసోడ్ అయిపోయిందని ఇందాక అన్నావుగా!" ఆమె వదిన వైపు తిరిగింది. "నువ్వు పక్కనే ఉన్నావు కదా వదినా? నాన్నకేం చెప్పావు?"



"వదిన మీద పడతావేమే?" అన్నాడు మామయ్య. "తను చెప్తూనే ఉంది. నాకే కునుకు పట్టింది."

కోడలికి తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్టినా ఇంత బాధపడేది కాదు. తనను కాపాడటానికి ఆ పెద్దాయన అబద్ధమాడాడు! టీ పెట్టే వంకతో వంటింట్లోకి పోయి, ఆడపడుచు వెళ్లేదాకా ఆమె మొహం చూడలేకపోయింది.

తలుపు వేసి వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మామయ్యా, మీరు నిద్రపోలేదు. నేనే టీవీ చూడలేదు. ఫోను చూసుకుంటూ మీకన్నీ కల్పించి చెప్పాను."

"తెలుసమ్మా."

ఆమె ఉలిక్కిపడింది. "తెలుసా?"

"వర్షం హోరుమంటుంటే ఎండ కాస్తోందన్నావు. ఆ మాత్రం తెలీదూ?"

"మరి అడగలేదేం మామయ్యా?"

"అడిగితే నొచ్చుకుంటావేమో, పక్కన కూర్చోవడం కూడా మానేస్తావేమోనని... భయం వేసిందమ్మా."

ఆ మాటకు ఆమెకు దుఃఖం ఆగలేదు. ఇంటి పెద్దకు తనను చూసి భయం! సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆయన మోకాళ్ల మీద తల ఆన్చి ఏడ్చింది. "పోనీలే, ఊరుకో," అంటూ ఆయన ఆమె తల నిమిరాడు.

కాసేపటికి లేచి మొహం కడుక్కుంది. ఫోనును గదిలో పెట్టి వచ్చి, ఆ ఎపిసోడ్ మొదటి నుంచి పెట్టి ఆయన పక్కన కూర్చుంది. మాటలు ఆగిపోయి సంగీతం మొదలైంది.

"వంటాయన మెట్ల మీద కూలబడ్డాడు మామయ్యా. కెప్టెన్ పరుగెత్తుకొచ్చి ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాడు..."

మామయ్య తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నిదానంగా చెప్పు తల్లీ."

"వంటాయన చేతులకింకా పిండి అంటుకునే ఉంది మామయ్యా. కెప్టెన్ తన చొక్కాతో తుడుస్తున్నాడు..." కళ్లు తుడుచుకుంటూ, తెర మీంచి చూపు తిప్పకుండా చెబుతూనే ఉంది.